పాటలో ఆగిన చోటు

నా సినిమా పిచ్చి నేరేడ్‌మెట్‌లో మా వీధి మొత్తానికీ తెలుసు. కొత్త బొమ్మ పడిందంటే మొదటి రోజు మొదటి ఆటకు నేనుండాల్సిందే, కాగితాలు చింపి ఎగరేయాల్సిందే. ఇంట్లోకి వస్తే మాత్రం చెవుల్లో ఇయర్‌ఫోన్లే గతి. కారణం మా మేనత్త. నాన్నకు అక్క. పెళ్లి చేసుకోకుండా మాతోనే ఉండిపోయింది. సండే స్కూల్లో ఎందరో పిల్లలకు కీర్తనలు నేర్పిన మనిషి. "ఆ గోలేదో నీ చెవుల్లోనే పెట్టుకో తల్లీ, మా చెవుల్లో పోయకు" అనేది.

నాకు ఒక గాయని అంటే ప్రాణం. రోజూ ఆఫీసు నుంచి రాగానే తలుపేసుకుని, కళ్లు మూసుకుని ఆమె పాటలు వినేదాన్ని. అదీ ఒక ఆరాధనే. ఆ మాట అత్త వింటే నా చెంప పగిలేది.

పోయిన వానాకాలంలో అత్తకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఆసుపత్రి నుంచి తెచ్చాక ఎవరు ఎదురుగా నిలబడ్డా గోడను చూసినట్టే చూసేది. నన్ను చంకనెత్తుకుని పెంచిన మనిషి. ఒక్కసారి నన్ను గుర్తుపడితే చాలనుకున్నాను.

ఒక సాయంత్రం టీ పెడుతుంటే పాట వినిపించింది. నా ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది. టీవీ కట్టేసి ఉంది. గదిలోకి వెళ్లి చూస్తే అత్త మంచం మీద గోడవైపు చూస్తూ పాడుతోంది. మంచినీళ్లు అడగలేని నోటి నుంచి ఒక్క మాట తప్పకుండా, మా గాయని పాడిన ప్రేమపాట. చరణం సగంలో ఠక్కున ఆగింది. తల కొంచెం వంచి, ఎవరో చెప్తుంటే వింటున్నట్టు ఉండిపోయింది. తర్వాత మళ్లీ అందుకుంది. వంటింట్లో టీ పొంగిపోయి స్టవ్ ఆరిపోయింది.

ఆ రోజు నుంచి అదే పాట, అదే చోట ఆగడం.

పక్కింటి పెద్దమ్మ వచ్చి చూసి గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. "గాలి సోకినట్టుంది బిడ్డా. నడుమల ఎట్ల ఆగుతుందో చూడు, ఎవలో చెప్తుంటే ఇంటున్నట్టే లేదా? జెర ఎవలకన్న చూపియ్యిన్రి" అంది. మావాళ్లు గాలి అనరు, అపవిత్రాత్మ అంటారు. పేరే తేడా, భయం ఒక్కటే. నాన్న బాధ ఇంకోటి. "ఇన్నేళ్లు పాడిన కీర్తన ఒక్క ముక్క రాలేదేంటమ్మా? ఇది మా అక్క కాదు" అన్నాడు. ఆదివారం ప్రార్థనకు పాస్టరుగారిని పిలిచాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. భయమూ వేసింది. ఇది అత్త కాదని వాళ్లు తేల్చేస్తే, ఆ గదిలో మిగిలిన కాస్త అత్తను కూడా వెళ్లగొట్టమని దేవుణ్ణి అడుగుతారు.

శనివారం ఆమె చెవి దగ్గర ఫోన్‌లో అసలు పాట పెట్టాను. మొహం తిప్పుకుంది. ఫోన్ ఆపేశాక తనే మొదలుపెట్టింది. అలవాటు ఊరుకోదు కదా, నేనూ గొంతు కలిపాను. చరణంలో ఆమె ఆగింది. నేనూ ఆగాను. అక్కడ మా గాయని గొంతు ఆకాశానికెక్కుతుంది. నాది ఎక్కదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాడేటప్పుడు ఎప్పుడూ ఆ చోట నోరు మూసుకుని, ఆ గొంతు కిందికి దిగొచ్చాక మళ్లీ కలుస్తాను. ఇద్దరం ఒకేసారి ఊపిరి పీల్చి, ఒకే మాట దగ్గర ఎత్తుకున్నాం.

ఆమె పాడుతున్నది గాయని పాట కాదు. గోడవతల నుంచి విన్న నా పాట. పాటంతా చెవుల్లోనే దాచుకున్నాననుకుని ఇన్నేళ్లూ నోటితో ఇల్లంతా పంచిపెట్టాను.

నాన్నకు చెప్పాను. "నువ్వు తలుపేసుకోగానే టీవీలో వార్తలు తగ్గించమనేది. తలనొప్పేమో అనుకున్నా" అన్నాడు.

అయినా ఆదివారం పాస్టరుగారూ, చర్చి సంఘం వాళ్లూ వచ్చారు. పాస్టరుగారు అత్త తల మీద చెయ్యి పెట్టగానే ఆమె పాట మొదలైంది. సంఘం ఆడవాళ్లు గట్టిగా ప్రార్థన అందుకున్నారు. నేను మంచం మీద ఆమె పక్కన కూర్చుని గొంతు కలిపాను. ఆ చోటు వచ్చింది. ఇద్దరం ఆగాం. ప్రార్థన చేసేవాళ్లూ బెదిరి ఆగిపోయారు. అప్పుడు అత్త తల తిప్పింది. గోడను కాదు, నన్ను చూసింది. ఎడమ చేత్తో నా మోకాలి మీద మెల్లగా తాళం వేసింది. సండే స్కూల్లో ఇక ఎత్తుకోండని పిల్లలకు చెప్పే తాళం అది, నేనూ చిన్నప్పుడు దానికే ఎత్తుకునేదాన్ని. ఏడుపు గొంతుతోనే ఎత్తుకున్నాను. పాస్టరుగారు చెయ్యి తీసేశారు.

మొన్న ఆ పాట ఉన్న సినిమాను హాల్లో మళ్లీ వేశారు. ఊరుకోలేక వెళ్లాను. ఆ పాట రాగానే హాలంతా ఈలలు. చరణం సగంలోకి వచ్చింది, గాయని గొంతు పైకి లేచింది. మేమాగే చోట ఎవరో పరాయి మనిషి దూరి పాడుతున్నట్టుంది. ఆమె దిగొచ్చేదాకా కళ్లు మూసుకుని, మోకాలి మీద తాళం వేసుకుంటూ కూర్చున్నాను.