పొయ్యి మీద వేలాడిన గిటారు

దాసు నీళ్ల జిగురు పెడతాడనీ, ఊడితే పని మళ్లీ తన దగ్గరికే వస్తుందని కావాలనే అలా చేస్తాడనీ చోడవరంలో ఒక మాట తిరిగింది. అది పచ్చి అబద్ధం. ఆ మాట పుట్టింది సన్యాసమ్మ వంటింట్లో.

దాసుది వడ్రంగి కుటుంబం. తండ్రి నాగళ్లు, బండిచక్రాలు చేసి బతికాడు. దాసు మాత్రం చిన్ననాటి నుంచీ ఏ చెక్క దొరికినా వేలితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. భజన హార్మోనియాలు, హరికథలవాళ్ల ఫిడేళ్లు బాగుచేస్తూ నలభై ఏళ్లు వచ్చేసరికి చీడికాడ దాకా పేరు తెచ్చుకున్నాడు. అతని అరుగు మీద ఎప్పుడూ గిన్నెలో నీళ్లు కాగుతుండేవి. ఆ నీళ్లలో ఇత్తడి చెంబు, చెంబులో తోలు ఉడికించి చేసిన జిగురు. సన్యాసమ్మ అటు వెళితే, అదేటి, ఇదెందుకు అని అడగనిదే కదిలేది కాదు.

ఆవిడ తమ్ముడు గణపతిరావు వాల్తేరు రైల్వే ఆఫీసులో గుమాస్తా. దేశం వదిలి వెళుతున్న ఒక దొర దగ్గర గిటారు కొన్నాడు. దాని మెడ వంగి, తీగలు ఎత్తున లేచిపోయి, నొక్కితే వేళ్లు కోసుకుపోయేవి. దాసు ఆ మెడ ఊడదీసి, సరిచేసి, తోలు జిగురుతో అతికించాడు. పొట్ట మీది పగులుకి మాత్రం కొత్తగా వచ్చిన డబ్బా జిగురు వాడాడు. గిటారు గంటలా మోగింది.

శ్రావణంలో గణపతిరావు దాన్ని అక్క దగ్గర వదిలి, చెమ్మ తగలనివ్వకు అని మరీ మరీ చెప్పి వెళ్లాడు. చెమ్మ తగలని చోటు సన్యాసమ్మకి ఒకటే తెలుసు, పొయ్యి పైన దూలం. విత్తనాల బీరకాయల పక్కనే గిటారునీ వేలాడదీసింది. వాన వదలకపోయేసరికి, ఉప్పుడు బియ్యానికి ధాన్యం కూడా ఆ పొయ్యి మీదే రెండు రోజులు ఉడికించింది. మూడోనాడు చూస్తే మెడ ఒకచోట, పొట్ట ఒకచోట. మధ్యలో తీగలు పట్టుకుని వేలాడుతున్నాయి.

"నీళ్ల జిగురెట్టీసేడే రాజ్యం, దాసుగాడు!" అని నూతి దగ్గర పక్కింటావిడతో అనేసింది.

వారం తిరగకుండా భజనవాళ్లు తమ హార్మోనియం తీసుకుని అనకాపల్లి పోయారు. దాసు అరుగు బోసిపోయింది. గణపతిరావు వచ్చి, "మొత్తం డబ్బా జిగురుతో బిగించీమంటాను, విశాఖపట్నంలో. ఇంక జన్మలో ఊడదు" అన్నాడు.

ఎవరూ పిలవకుండానే దాసు సన్యాసమ్మ ఇంటికి వచ్చాడు. మెడ మొదలు బొటనవేలితో తడిమి, తల ఎత్తి దూలం వైపు చూశాడు.

"పిన్నీ, ఈ పొయ్యి మీద ఏటి ఉడకబెట్టేవు?"

"ధాన్యం. ఏం?"

"ధాన్యంతోపాటు నా తోలు జిగురూ ఆవిరికి ఉడికి కరిగిపోనాది. ఇటు సూడు, ఒక్క చెక్క పీచు లేవలేదు. అతికిన కాడికి అతికినట్టే వచ్చీసింది."

గణపతిరావు అక్కని చూసి పడీ పడీ నవ్వాడు. "అప్పా, గిటారుని పులుసెట్టీసేవే!"

సన్యాసమ్మ నవ్వలేదు. కొంగు బిగించి, ఏయే ఇంట ఆ మాట వేసిందో ఆ ఇళ్లన్నీ తిరిగి, "తప్పు నా పొయ్యిది, దాసుది కాదు" అని చెప్పి వచ్చింది. గిటారు విశాఖపట్నం వెళ్లలేదు. దాసు మళ్లీ అదే చెంబు వేడిచేశాడు. సన్యాసమ్మ అతని అరుగు మీదే చతికిలబడింది.

"ఒరే దాసూ, పొట్టకెట్టిన డబ్బా జిగురే మెడకీ ఎట్టుంటే ఊరి నోట్లో పడకపోదువు కదరా! ఎందుకెట్టలేదు?"

దాసు, అతికించిన మెడ కదలకుండా చుట్టిన తాడు బిగిస్తూనే చెప్పాడు.

"పొట్ట పగులు మళ్లీ ఇప్పక్కర్లేదు పిన్నీ. మెడ అలాక్కాదు, తీగలు లాగుతానే ఉంటాయి. ఇరవయ్యేళ్లకో ముప్పయ్యేళ్లకో మళ్లీ లేస్తాది, ఎవడో ఒకడు ఇప్పాల. అప్పటికి నేనుండను. ఆడెవడో నన్ను తిట్టుకోకుండా ఇప్పుకోవాలి కదా."