బల్ల మీద ఫోన్

డాలస్ ఎయిర్‌పోర్టులో నా పక్కన కూర్చున్న తెలుగావిడ హైస్కూల్లో లెక్కలు చెబుతారట. నా ఫోన్ మోగగానే ఆవిడ ఉలిక్కిపడ్డారు.

"సారీ అమ్మా. యుద్ధం మొదలైన దగ్గర్నుంచీ ఇలా అయిపోయాను."

ఆవిడ క్లాసులో పిల్లలందరూ ఫోన్లు తలుపు దగ్గరి సంచిలో పెట్టాలి. ఒక్క అమ్మాయిని మాత్రం బల్ల మీద ఉంచుకోనిచ్చారు. వాళ్లన్నయ్య అమెరికా యుద్ధనౌకలో ఉన్నాడు.

"ఒకరోజు క్లాస్ మధ్యలో ఆ అమ్మాయి ఫోన్ బజ్ అయింది. పిల్లలంతా బిగుసుకుపోయారు. బోర్డు మీద రాస్తున్న నాకు వెనక్కి తిరగడానికి ధైర్యం చాల్లేదు. తీరా చూస్తే డెంటిస్ట్ అపాయింట్‌మెంట్ రిమైండర్! అందరం పడీపడీ నవ్వాం."

"హమ్మయ్య! భయపెట్టేశారు ఆంటీ."

"మర్నాడు తనే ఫోన్ తీసుకెళ్లి సంచిలో పడేసింది. ఎందుకమ్మా అంటే, 'అందులో ఉంటే క్లాస్ అయ్యేదాకా అన్నయ్య బాగానే ఉంటాడు కదా మిస్' అంది."

ఆ అబ్బాయి ఇప్పుడెలా ఉన్నాడని అడగబోయి, ఆవిడ ముఖం చూసి ఆగిపోయాను. ఇంతలో బోర్డింగ్‌కి పిలిచారు.

మా పాప డేకేర్ నుంచి ఫోన్ వస్తే ఇదివరకు మొదటి రింగుకే తీసేదాన్ని. ఇప్పుడు రెండోది మోగేదాకా ఆగుతున్నాను.