గట్లు వదిలిన ముగ్గు

బాల్కనీలో మిషను ఆపేసి చాలాసేపైనా చెక్క మాడిన వాసన ఇంట్లోంచి పోదు. స్క్రోల్ సా అంటారు దీన్ని. కుట్టుమిషను సూదిలా తీగంత సన్నటి రంపపు బ్లేడు కిందికీ పైకీ ఆడుతూ ఉంటే, దాని ముందు చెక్కని మనం మెల్లగా తిప్పుకుంటూ పోవాలి; ఎంత వంకర గీతైనా తెగుతుంది. రిటైరయ్యాక ఏదో ఒక వ్యాపకం పెట్టుకోండి మేడం అని శాలువా కప్పిన ప్రతివాళ్ళూ చెప్పారు గానీ, అన్నేళ్ళు ఫైళ్ళతో వేగిన మనిషికి వ్యాపకం కంటే నిద్ర ముఖ్యమని ఒక్కరికీ తోచలేదు. ఆ నిద్ర ఎలాగూ పట్టడం లేదు కాబట్టి ఇది కొనుక్కున్నాను. రాజమండ్రిలో ఈ ఫ్లాటు తీసుకున్నప్పుడు బట్టలారేసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదనుకున్న బాల్కనీలో బల్ల వేసుకుని, ముక్కుకి మాస్కు తగిలించుకుని, ఫోన్లో ఎవరో కుర్రాడు చూపించినట్టల్లా చేస్తూ, మలుపు దగ్గర తొందరపడి చెక్కని నెట్టేసి పొగలు రప్పిస్తూ ఉంటాను. ఆ పొగకి జిగురు వాసన. నేనెరిగిన రంపపు పొట్టు ఇలా ఉండేది కాదు, టీ పొడి వాసనేసేది.

ద్రాక్షారామం దాటి కాలవ గట్టు మీద కొంత దూరం వెళ్తే మా ఊరు. వేసవిలో కాలవలు కట్టేసేవారు. నీళ్ళు లేని కాలవలో బురద నెర్రెలిచ్చి, అక్కడక్కడా మిగిలిన మడుగుల్లో కొర్రమీనుల కోసం పిల్లలు మోకాళ్ళ దాకా దిగిపోయి, ఇంటికొచ్చి తన్నులు తినే రోజులవి. పెరట్లో తాటాకు చాపల మీద మామిడి తాండ్ర పొర మీద పొర ఆరుతూ ఉండేది, దాని మీద వాలే ఈగల్ని తోలే పని ఆడపిల్లలది, తోలుతూ తోలుతూ అంచులు గిల్లుకు తినే పని కూడా మాదే. వీధరుగు మీద గచ్చకాయల ఆట, వసారాలో ఆవకాయకి ముక్కలు కొట్టే చప్పుడు, మధ్యాహ్నం ముంజెల బండి కేక. పొలంలో పనుండదు కాబట్టి మగవాళ్ళందరూ చేతులు ఖాళీగా పెట్టుకుని ఎవరి ఇంట్లో వాళ్ళు అడ్డంగా ఉండేవారు. మా నాన్న కూడా అలాగే మా అమ్మకి అడ్డంగా ఉండేవాడు.

మా ఇంటి ముందు ముగ్గు మామ్మది. మామ్మ అంటే నాన్న తల్లి. తెల్లవారుతూనే పేడనీళ్ళతో కళ్ళాపి చల్లి, ఆ తడి నేల మీద చుక్కలు పెట్టి, చుక్కల చుట్టూ మెలికలు తిప్పుకుంటూ ఒకే గీత లాగేది. ఆ గీత ఒక్క చుక్కనీ తాకేది కాదు, ఎక్కడా ఆగేది కాదు, ఊరంతా తిరిగొచ్చిన మనిషిలా బయల్దేరిన చోటికే వచ్చి కలిసేది. కలిసేదాకా మామ్మ ఎవరు పిలిచినా పలికేది కాదు. గీత తెగిన ముగ్గు ఇంటి ముందు ఉండకూడదని ఆవిడ పట్టింపు. వాన చినుకులు పడి ఓ మెలిక కరిగిపోయినా, తడుస్తూ వచ్చి దిద్దేది. వీధిలో వెళ్ళే ఆడవాళ్ళు ఆగి చూసి, చేత్తో గాల్లో ఓ మెలిక తిప్పుకుని, అర్థంకాక నవ్వుకుంటూ వెళ్ళేవారు. మామ్మకి చదువు లేదు, నగల మీద ఆశ లేదు, వంటలో కూడా పెద్ద పేరేం లేదు. ఉన్నదంతా ఆ ముగ్గే.

ఓ ఏడాది చలికాలంలో ఆవిడ కుడిచెయ్యి వణకడం మొదలైంది. మొదట కాఫీ గ్లాసు అంచు దాటేది. తర్వాత ముగ్గు గీత అడ్డదిడ్డంగా పోయి చుక్కల మీదికి ఎక్కేసింది. రాజమండ్రి తీసుకెళ్తే డాక్టరు మందులిచ్చి, వయసు మీద పడ్డాక ఇంతేనన్నాడు. కొన్నాళ్ళు పట్టుదలగా వేసి, వేసినదాన్ని తనే చీపురుతో తుడిచేసి, చివరికోరోజు ముగ్గు గిన్నె అమ్మ చేతికిచ్చేసింది. అమ్మ మంచిది. ఆవిడ మనసు నొచ్చుకోకూడదని మెలికల జోలికి పోకుండా చిన్న పద్మం వేసి లోపలికి వచ్చేసేది. కానీ మామ్మ ఆ రోజు నుంచి వీధిలోకి రావడమే మానేసింది. పెరటివైపు వసారాలో గోడకేసి తిరిగి పడుకునేది. అన్నం కలిపి పెడితే రెండు ముద్దలు తిని, ఇంక నాకెందుకే అనేది. ఆ మాట ఎప్పుడూ అన్నం గురించే అన్నా, అది అన్నం గురించి కాదని ఎనిమిదో తరగతి చదివే నాకే తెలిసిపోయింది. మామ్మ పోతుందని నాకు భయం వేసింది. మా నాన్నకి ఇంకా ఎక్కువ వేసినట్టుంది, కాలవలు కట్టేసిన వారంలో రాజమండ్రి వెళ్ళి రంపం కొనుక్కొచ్చాడు.

ఇప్పటి మిషను కాదది. యు అక్షరంలా వంగిన ఇనప చట్రం, దాని రెండు కొసల మధ్య బిగించే బ్లేడు, అంతే. ఫ్రెట్ సా అని కాగితం మీద రాసి ఉంది. చెక్క కోసం కిరాణా కొట్టు వెనక పడేసిన టీ పెట్టె అడిగి తెచ్చాడు. ఆ రోజుల్లో టీ పొడి పల్చటి ప్లైవుడ్డు పెట్టెల్లో వచ్చేది. మేకులు ఊడబీకి పలకలు విడదీస్తే, లోపలివైపు ఇంకా టీ పొడి అంటుకుని ఉండేది. ముగ్గుని పలకలో సందుల్లా కోసేస్తే, ఆ పలకని నేల మీద పెట్టి పైన పిండి జల్లి ఎత్తేస్తే చాలు, వణికే చెయ్యైనా పర్లేదు, మామ్మ ముగ్గు మామ్మే వేసుకుంటుందని నాన్న ఆలోచన. ఈ సంగతి మామ్మకి చెప్పకూడదని నాకూ అమ్మకీ గట్టిగా చెప్పాడు. మామ్మ పాత ముగ్గుని గుర్తు తెచ్చుకుని కాగితం మీద గీసిపెట్టింది నేనే.

ఆయనకి ఆ పని రాదు. నాగలి పట్టిన బలమంతా చేతుల్లో ఉంది కాబట్టి, పట్టినదల్లా విరిగేది. బ్లేడు పళ్ళు కిందికి చూడాలని తెలుసుకునేలోపే కొన్ని బ్లేడ్లు పోయాయి. నెట్టకూడదనీ, మలుపు దగ్గర రంపాన్ని కాకుండా చెక్కని తిప్పాలనీ తెలిసేలోపు ఇంకొన్ని. పలక మధ్యలో కొయ్యాలంటే ముందు సన్నటి కన్నం పెట్టి, బ్లేడు ఒక కొస ఊడదీసి, ఆ కన్నంలోంచి దూర్చి మళ్ళీ బిగించుకోవాలి. దూర్చే పని నాది, సూదిలో దారం ఎక్కించే కళ్ళు ఇంట్లో నాకే ఉన్నాయి మరి. బ్లేడుకి కొవ్వొత్తి రాయడం, గీత కనపడేలా పొట్టు ఊదడం కూడా నేనే. ఊదినప్పుడల్లా టీ వాసన ముక్కులోకి పోయి తుమ్ములొచ్చేవి. మధ్యాహ్నమంతా ఆ చిన్న రంపం గుర్రుగుర్రుమంటూ ఉంటే, ఊళ్ళో ఇంకెవరికీ లేని పని మాకే ఉన్నట్టు గర్వంగా ఉండేది.

మొదటి మెలిక చుట్టూ కోసేసరికి మధ్యలో ముక్క టపీమని ఊడిపడింది. నాన్న బ్లేడు తప్పన్నాడు. రెండోది ఊడింది, టీ కంపెనీవాళ్ళ జిగురు తప్పన్నాడు. మామ్మ ముగ్గులో గీతకి తెంపు లేదు కదా, గీత చుట్టూ తిరిగొచ్చి కలిసిన చోటల్లా లోపలి ముక్కకి పట్టు పోతుంది, ఇంత చిన్న సంగతి మాకిద్దరికీ తట్టలేదు. ఎన్నో మధ్యాహ్నాల కష్టం పూర్తయ్యేసరికి ముక్కలన్నీ నేల మీద, ఆయన చేతిలో ఫొటో లేని ఫ్రేము. కాసేపు దాన్ని అలాగే పట్టుకుని, అందులోంచి నన్ను చూసి, లేచి స్నానానికి వెళ్ళిపోయాడు. నేను ముక్కలన్నీ ఏరి గచ్చకాయల సంచిలో దాచుకున్నాను.

రెండో పలక మీద ముక్క ముక్కకీ మధ్య గోరంత వెడల్పున కొయ్యకుండా వదిలాడు. వాటికి గట్లు అని పేరు కూడా పెట్టాడు. వానల్లోపు పూర్తయింది. నేల తడి అంటకుండా పలక అడుగున నాలుగు మూలలా పాత హవాయి చెప్పుల రబ్బరు ముక్కలు అంటించి, ఎంతో సంబరంగా మామ్మ ముందు పెట్టాడు. మామ్మ పలకని తిప్పి చూసి, లక్ష్మీదేవిని చెప్పుల మీద నిలబెడతావేంట్రా అంది. మాట న్యాయమే కాబట్టి వాటిని పీకేసి కొబ్బరి చిప్ప ముక్కలు పెట్టాడు. అప్పుడు పలక మీద వణికే వేలు పెట్టి ఆవిడ తన గీతని మొదట్నుంచీ పోల్చుకుంటూ వెళ్ళింది. మొదటి గట్టు దగ్గర వేలు ఆగిపోయింది.

"ఇదేంటిరా, ఇక్కడ తెగిపోయింది?"

"గట్టు లేకపోతే ముక్క నిలవదమ్మా. చుట్టూ నీళ్ళే అయితే లంక కొట్టుకుపోద్ది కదా."

"అయితే నా గీత తెగినట్టే కదరా. తెగిన గీత నా గుమ్మం ముందు వద్దు, అవతల పెట్టు."

నాన్న పలకని గాదె వెనక పెట్టేసి, కాలవలు వదిలారని చెప్పి పొలం వెళ్ళిపోయాడు. మామ్మ మళ్ళీ గోడకేసి తిరిగింది. ఆ సాయంత్రం అన్నం కూడా వద్దంది. నాకు ఆవిడ మీద ఏడుపొచ్చేంత కోపం వచ్చింది. అంత చేశాడు కదా, కాస్త సర్దుకుంటే ఏం పోయింది అనిపించింది.

మర్నాడు పొద్దున్న అమ్మ కళ్ళాపి చల్లి, ఎవరితోనూ అనకుండా గాదె వెనకనుంచి పలక తీసి గుమ్మం ముందు పెట్టింది. పైన పిండి జల్లి, అరచేత్తో నిమిరి, పలకెత్తేసింది. మామ్మ ముగ్గు మళ్ళీ మా ఇంటి ముందు ఉంది, గట్లున్న చోటల్లా ఖాళీలతో. "అత్తయ్యగారూ, పాలు పొంగిపోతున్నాయండి, మీరోసారి వీధిలో కూచోండి, కోళ్ళొచ్చి ముగ్గు చెరిపేస్తాయి" అని కేకేసి లోపలికి వెళ్ళిపోయింది. మామ్మ గోడ పట్టుకుని, గుమ్మం పట్టుకుని వచ్చింది. తన గుమ్మంలో తెగిపోయిన ముగ్గు చూసింది. వీధి చివర నీళ్ళకి వెళ్ళే ఆడవాళ్ళు వస్తున్నారు. ఆవిడ మొహంలో సిగ్గు నాకు స్పష్టంగా కనపడింది. స్తంభం పట్టుకుని మెట్టు దిగి, నేల మీద చతికిలబడి, ముగ్గు గిన్నె దగ్గరికి లాక్కుని, ఒక్కొక్క ఖాళీ కలుపుతూ పోయింది. చెయ్యి వణుకుతూనే ఉంది. కానీ గోరంత ఖాళీలో వణికినా ఎంత దూరం పోతుంది, ఏ గీతా చుక్కెక్కలేదు. చివరి గట్టు కలిపేసి, తలెత్తి, ఆకలేస్తోందే అమ్మడూ అంది.

నేను లోపలికి పరిగెత్తాను. పొయ్యి వెలిగించనే లేదు. గేదెని ఇంకా పితకనే లేదు. అమ్మ తలుపు వారన నిలబడి కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. పెద్దయ్యాక ఒకసారి అడిగితే, ఏం పాలో ఏమో ఎవరికి గుర్తుందే అని నవ్వేసింది.

అప్పట్నుంచీ పలక అమ్మది, గట్లు మామ్మవి. అట్లతద్దికి ఉయ్యాలలూగి వచ్చి చూసినా, ధనుర్మాసం మంచులో గొబ్బెమ్మలు పెట్టడానికి లేచినా, మామ్మ అప్పటికే శాలువా చుట్టుకుని నేల మీద ఉండేది. ముగ్గంతా అచ్చులో పోసినట్టు నున్నగా, మధ్యమధ్య గోరంత మేర చలేసినట్టు వంకరగా. మా ఇల్లెక్కడని అడిగితే ఆ వంకర ముగ్గుండే ఇల్లని చెప్పేవారు. నాన్నకి మాత్రం రంపం అలవాటైపోయింది, ప్రతి వేసవీ ఏదో ఒకటి కోసేవాడు, ఏదీ అంత బాగా కుదరలేదు. నేను కాలేజీలో ఉండగా మామ్మ పోయింది. మైల రోజులన్నీ గుమ్మం బోసిగా ఉంది. అవి పూర్తయిన మర్నాడు అమ్మ పలక పెట్టి, ఎత్తి, గట్లు కూడా తనే కలిపింది. అమ్మ చెయ్యి గట్టిది. ఎక్కడా వణుకు లేదు. వీధంతటికీ చక్కగా కనపడే ఆ ముగ్గు చూసి నేను మొదటిసారి వెక్కివెక్కి ఏడ్చాను. అమ్మ మరి ఆ పలక తీయలేదు. గాదె వెనకే ఉండి చెదలు తినేసింది.

ఇప్పుడు గాదె లేదు, ఆ ఇల్లూ లేదు, నాన్న, అమ్మ లేరు. టీ పొడి ప్యాకెట్లలో వస్తోంది. ఇక్కడ మా గుమ్మం ముందు టైల్సు, టైల్సు మీద స్టిక్కరు ముగ్గు, దాన్ని వెయ్యక్కర్లేదు, తుడవక్కర్లేదు, చూడనూ అక్కర్లేదు. ఇన్నాళ్ళూ నేనూ చూడలేదు, ఆఫీసు బస్సుకి పరిగెత్తేదాన్ని దాని మీంచే. మొన్నటికి నా పలక పూర్తి కావచ్చింది. గచ్చకాయల సంచి ఎప్పుడో పోయింది గానీ ముగ్గు చేతికి గుర్తుంది, గీసుకున్నాను. గట్లు వదిలాను. ఇవాళ పొద్దున్నే చివరి మెలిక కోసి, మిషను ఆపిన చేతులతోనే గుమ్మం ముందు తడిగుడ్డ వేసి, స్టిక్కరు గీకేసి, పలక పెట్టి బియ్యప్పిండి జల్లి ఎత్తాను. మోకాళ్ళని తిట్టుకుంటూ కింద కూచుని, మొదటి ఖాళీ కలపడానికి పిండి తీసుకున్నాను.

మిషను మీద గంట కూచుంటే ఆ అదురు చేతుల్లోంచి చాలాసేపు పోదు. పిండి గీత వంకరగా పడింది. రెండోదీ అంతే. ఒక్కొక్కటీ కలుపుతూ వెళ్ళి, ఆఖరిది కలిపి చూద్దును కదా, నేల మీద మామ్మ ముగ్గు. అమ్మ వల్ల కానిది, నా వల్ల అయింది. పిలిచి చూపించడానికి ఆ గీతని గుర్తుపట్టే మనిషి ఒక్కరు లేరు. ఏడింటికి కారిడార్లు తుడిచే ఆవిడ బకెట్టుతో లిఫ్టు దిగుతుంది. అప్పటిదాకా ఇక్కడే, కోళ్ళు రాకుండా కాపలా ఉన్నట్టు, గుమ్మంలో కూచున్నాను.