గుంటక మీద రాయి

మా ఉస్తాద్ పోయాడు. పొద్దున చాయ్ తాగుతూ ఛాతీ పట్టుకున్నాడు. దవాఖానకు చేరేలోపే అయిపోయింది. నారాయణఖేడ్‌లో చిన్న ట్రాక్టర్లకు గొర్రులు, గుంటకలు అతికే మా రేకుల షెడ్డులో ఇప్పుడు నేనొక్కడినే మిగిలాను. చూడటానికి వచ్చినవాళ్లంతా "మంచి మనిషి" అన్నారు. నాకు ఒళ్లు మండింది. బతికున్నప్పుడు ఆయన్ని వీళ్లే "తిక్కోడు" అనేవాళ్లు.

ఎందుకు అనేవాళ్లో చెప్తాను. గొర్రుతో విత్తనం వేశాక దాని మీదుగా గుంటక నడవాలి. దాని పాస, అంటే అడుగున ఉండే వెడల్పాటి ఇనుప బద్ద, మన్నును జరిపి విత్తనాన్ని కప్పుతుంది. బరువు చాలకపోతే పైపైన గీరి పోతుంది, కందులు పిట్టల పాలవుతాయి. ఎద్దుల కాలంలో ఆ బరువు కోసం మనిషే గుంటక మీద నిలబడేవాడు. ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చినా ఆ పాడు అలవాటు పోలేదు. కొడుకునో పెండ్లాన్నో ఎక్కించి ట్రాక్టర్ తోలుతున్నారు. నిలబడటానికి ఒక పలక, పట్టుకోవడానికి ఒక కడ్డీ అతకమని మా దగ్గరికి వస్తారు. ఉస్తాద్ అతికేవాడు కాదు. ఇనుప బుట్ట పెట్టి, రాళ్లు వేసుకోమనేవాడు.

పోయిన ఏడు కల్హేర్ పటేల్ గొడవ పెట్టుకున్నాడు.

"బుట్ట ఎవనికి గావాలె? మనిషైతే మూల కాడ దిగుతడు, గడ్డి ఇరుక్కుంటె తీస్తడు. రాయి దిగుతదా?"

"మనిషి దిగుతడు పటేలా. ఒక్కోపారి పాస కిందికే దిగుతడు."

"మా తాతలకెళ్లి నిలవడుతనే ఉన్నం!"

"ఎద్దును 'ఓ' అంటె ఆగుతది. ఇంజన్‌కు చెవులున్నయా? నీ కొడుకు ఎంత బరువుంటడో చెప్పు, గంత రాయి నేనే ఏరిస్త."

పటేల్ ఉమ్మేసి వేరే షాపుకు పోయాడు. నాకు ఉస్తాద్ మీదే కోపమొచ్చింది. "గిట్లయితె షెడ్డుకు తాళమే," అన్నాను. "ఏస్కో. తాళం గూడ నేనే చేసిస్త," అన్నాడు.

ఆయన నాకు పని నేర్పలేదు. నేర్పే ఓపిక లేదు. తిట్లు తింటూ, చూసి నేర్చుకున్నాను. కొత్త గుంటకను చెల్క నేలలో నడిపిస్తే మాత్రం వెనకాల వంగి, వేలితో మన్ను తీసి విత్తనం వెతికేవాడు. "దుప్పటి గప్పినట్లుండాలె బే. బొంద పెట్టొద్దు," అనేవాడు.

ఒకసారి కంగ్టి దగ్గర ఆయన ట్రాక్టర్ తోలుతుంటే, గుంటక సరిగ్గా దిగడం లేదని విసుగొచ్చి నేనే దాని మీదికి ఎక్కాను. వెనక్కి చూసి, బండి ఆపి, దిగొచ్చి చెంప పగలగొట్టాడు.

"మా తమ్ముడు గిట్లనే ఎక్కిండు రా. తోలింది నేను. వాడు ఒర్లిండంట, పక్క చేనోళ్లకు ఇనవడ్డది. నాకు ఇనవడలే. సాలు సివరిదాంక పోయి ఎనకకు సూస్తె గుంటక మీద ఎవ్వడు లేడు."

మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఆయన దినాలు అయిన మర్నాడు మబ్బు పట్టింది. కల్హేర్ పటేల్ ట్రాక్టర్‌కు కొత్త గుంటక తగిలించుకుని వచ్చాడు. వెనకాలే మోటార్‌సైకిల్ మీద కొడుకు.

"ఉస్తాద్ పాయె. ఇగ నువ్వన్న పలక అతుకు. వానొస్తున్నది, జల్దీ."

నిజం చెప్తున్నా, ఉస్తాద్ పోయాక గుంటకతో వచ్చిన మొదటి మనిషి ఆయనే. ఆయన తిరిగిపోతే ఊరూరా చెప్తాడు, ఈ సీజనంతా షెడ్డుకు ఈగలే. కొడుకు అప్పుడే ఒక కాలు గుంటక మీద పెట్టి, ఎంత ఎత్తులో కడ్డీ కావాలో చూపిస్తున్నాడు.

"కాలు తియ్ తమ్మీ," అన్నాను. "బుట్ట పెడ్త. పలక గావాల్నంటె వేరే కాడికి పోన్రి."

"నువ్వు గూడ తిక్కోనివేనా?"

"ఔ."

పటేల్ మబ్బును చూశాడు, కొడుకును చూశాడు. నా తాతముత్తాతలను తిట్టుకుంటూ కూర్చున్నాడు. బుట్ట అతికాను. "మరి రాయేది?" అన్నాడు. షెడ్డు ముందు ఉస్తాద్ రోజూ కూర్చుని చాయ్ తాగే నల్లరాయి ఉంది. నేనూ కొడుకూ దాన్ని ఎత్తి బుట్టలో వేశాం.

వాళ్లు కల్హేర్ తోవ పట్టారు. చినుకులు మొదలయ్యాయి. కొడుకు వెనక మోటార్‌సైకిల్ మీద పోతూ "బాపూ, మెల్లగ!" అని అరుస్తున్నాడు. తండ్రికి వినబడటం లేదు. ఇద్దరి మధ్యా, గుంటక మీద, ఉస్తాద్ రాయి తడుస్తూ పోతోంది.