తియామికె శనివారాలు

మా లోగిట్లో అద్దెకున్న వాళ్ళందరిలోకీ ఎక్కువ ఊళ్ళు తిరిగింది తియామికె. అందరికంటే తక్కువ చూసింది కూడా ఆ పిల్లే.

ఖండానికి అవతలి కొసనున్న మలావీ దేశం నుంచి మా కుమాసి పట్నానికి నీటి ఇంజనీరింగులో పెద్ద చదువు చదవడానికి వచ్చింది. వచ్చిన కొత్తలో నా కుట్టుమిషను పక్కన కూర్చుని, ఏమేం చూడాలో చెప్పేది. వాళ్ళ దేశంలో అవతలి గట్టు కనబడనంత సరస్సు ఉందట గానీ సముద్రం లేదట. అందుకని ముందు సముద్రం. తర్వాత ఉత్తరాన అడవిలో ఏనుగులు, వీలైతే జలపాతాలు. ఆ పిల్లతో చదివే రువాండా, జాంబియా పిల్లలు అలాగే తిరిగారు. శుక్రవారం సంచీ తగిలించుకుని వెళ్ళి, ఆదివారం ఎండకి కమిలిపోయి, ఫోను నిండా ఫోటోలతో వచ్చేవారు. తియామికె కూడా ఆదివారమే తిరిగొచ్చేది. చావింటి నుంచి.

నేను ఎదురుగదిలో దర్జీని. పేరు సెర్వా. చావులకి నల్లబట్టా ఎర్రబట్టా కుట్టి బతుకుతున్నాను. ఎవరో ఒకరు పోతే తప్ప నా పొయ్యి వెలగదు. నోరు కాస్త దురుసంటారు, నిజమే. కానీ ఆ పిల్ల సంగతి తలుచుకుంటే నాకు కోపం కంటే నీరసమే ఎక్కువ వస్తుంది.

మా ఇంటావిడ డుఫియె. భర్త పోయాక వాకిట్లో బొబ్బర్ల కూర, వేయించిన అరటిపండు అమ్ముకుంటూ, గదులు అద్దెకిచ్చి నెట్టుకొస్తోంది. మనసు వెన్న, ఎదుటివాళ్ళు చెప్పేది వినే ఓపిక మాత్రం సున్న. మొదటి శనివారం తియామికె గదిలో ఒక్కతీ కూర్చుని ఉండటం చూసి ఆవిడ ప్రాణం ఉసూరుమంది. శనివారం పూట ఇంట్లో ఉండేది జబ్బు మనుషులేనని చెప్పి, మాంపాంగులో తన మరిది అంత్యక్రియలకి వెంటబెట్టుకుపోయింది. నా పాత నల్లగౌను ఒకటి నడుం దగ్గర బిగించి ఇచ్చాను. అక్కడ వరసగా కూర్చున్న చుట్టాలకి కుడివైపు నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కరికీ చెయ్యి కలుపుకుంటూ వెళ్ళింది ఆ పిల్ల, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చేస్తున్నట్టు. పరాయిదేశం పిల్ల మన చావుకొచ్చిందని వాళ్ళు పొంగిపోయారు. పై వారం బెక్వాయి ఊరివాళ్ళు కబురు పెట్టారు, ఆ మలావీ పిల్లని కూడా తీసుకురమ్మని. ఇక ఏ శనివారమూ ఆ పిల్ల చేతిలో లేకుండా పోయింది.

రానని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

"మా ఊళ్ళో దొంగనైనా క్షమిస్తారక్కా, చావింటికి రానివాణ్ణి క్షమించరు," అంది నాతో. "వాడు పోయిన రోజున మోయడానికి నలుగురు దొరకరు."

"మొహమాటానికి పోతే కడుపయిందంట. తలనొప్పని చెప్పి పడుకో," అన్నాను.

నవ్వి, గౌను చంకలో బిగుతుగా ఉంది, కాస్త వదులు చెయ్యమని నా ఒళ్ళో పడేసింది.

మా చావులు తేలిగ్గా తెమిలేవి కావు. ట్రోట్రో వ్యానులో మోకాళ్ళు ముందు సీటుకి ఆనించుకుని గంటల తరబడి ప్రయాణం. దిగగానే చెవులు చిల్లులు పడేలా మైకులు. షామియానా కింద ప్లాస్టిక్ కుర్చీలో ఎండ వాలిందాకా కూర్చోవాలి. రాత్రి ఎవరింట్లోనో చాపమీద నలుగురి మధ్య పడుకుని, ఆదివారం పొద్దున మళ్ళీ చర్చిలో కృతజ్ఞత ప్రార్థన. ఇంటికి చేరేసరికి తియామికె పాదాలు బూరెల్లా పొంగేవి. నల్లగౌను ఉతికి ఆరేసి, పుస్తకం ముందు కూర్చుని, అలాగే నిద్రపోయేది. మార్కులు జారాయి. ప్రొఫెసరు పిలిచి, వారాంతాల్లో షికార్లు తగ్గించమని మందలించాడట. ఆ మాట చెప్పి ఎంత నవ్విందో. "ఈ దేశంలో నాకు తెలిసిన మొహాల్లో సగం చావు పోస్టర్ల మీద ఉన్నవాళ్ళవే అక్కా," అంది నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ.

సముద్రం కూడా చూసింది. సాల్ట్‌పాండులో ఎవరో చేపలమ్మే ముసలావిడ పోతే వెళ్ళాం. రెండు షామియానాల సందులోంచి నీలంగా కనబడింది. అటు నాలుగడుగులు వేసిందో లేదో, చేతులు కలిపే వరస మొదలైందని డుఫియె కేకేసింది. బయటికొచ్చేసరికి చీకటి పడింది. దారిలో "ఎలా ఉంది సముద్రం?" అని అడిగితే, "నీళ్ళే," అంది.

ఒక్క విషయం మాత్రం ఆ పిల్లకి ఎప్పటికీ మింగుడుపడలేదు. మేం శవాన్ని చల్లటి గదిలో నెలల తరబడి ఉంచుతాం. దూరాన ఉన్నవాళ్ళు రావాలి, ఇంటికి సున్నం కొట్టాలి, బట్టలు కుట్టించాలి, మంచి శనివారం కుదరాలి. అంతకాలం ఏడుపు ఎక్కడ దాచుకుంటారని ఒకసారి డుఫియెని అడిగింది. శనివారానికి దాచుకుంటామంది డుఫియె, అరటిముక్కలు తిరగేస్తూ. మరి మీరెలా చేస్తారని ఎదురడగలేదు. ఆవిడ లెక్కలో లోకమంతా కుమాసే.

తియామికెకి తల్లి చిన్నప్పుడే పోయింది. పెంచింది మేనమామ. వాళ్ళ ఊరు డెడ్జాలో సైకిళ్ళు బాగుచేస్తాడు. మాకూ వాళ్ళకీ ఒక్కటే రీతి, తండ్రి కన్నా మేనమామే ముందు. ఆయన ప్రతి ఆదివారం ఫోను చేసేవాడు. వాళ్ళ భాష నాకు తెలియకపోయినా ఏం తిన్నావని అడుగుతున్నాడని తెలిసేది, ఎందుకంటే ఆ పిల్ల ఫుఫూ, కెంకే అంటూ మా తిండి పేర్లన్నీ వరసగా చెప్పేది. అవతల ఆయన పడీపడీ నవ్వేవాడు.

ఆఖరి పరీక్షల వారం వచ్చింది. ఆ మార్కులు సరిగా రాకపోతే స్కాలర్‌షిప్పు ఆగిపోతుంది. పరీక్ష గది బయట పెట్టిన సంచుల్లోంచి ఫోన్లు పోతున్నాయని, తియామికె తన ఫోను డుఫియె దగ్గర వదిలి వెళ్ళేది. సోమవారం పొద్దున ఆ ఫోను మోగింది. మేనమామ కొడుకు లింబానీ. నాన్న పోయాడని చెప్పి, తియామికెకి చెప్పండమ్మా అన్నాడట. డుఫియె తన వచ్చీరాని ఇంగ్లీషులో అతన్ని ఓదార్చింది, చెప్తాను నాయనా అంది. ఎప్పుడు పూడుస్తారని ఈవిడ అడగలేదు, ఎప్పుడు పూడుస్తున్నారో అతను చెప్పలేదు. అడగాల్సిన సంగతని ఈవిడకీ తోచలేదు, చెప్పాల్సిన సంగతని అతనికీ తోచలేదు.

డుఫియె ఆలోచన సూటిగా ఉంది. మేనమామ అంటే మాటలా, రెండు నెలలైనా పడుతుంది. గురువారంతో పరీక్షలు అయిపోతాయి. ఈలోగా చెప్పి పిల్ల చదువు పాడుచెయ్యడం ఎందుకు? ఫోను ఆపేసి బట్టల అడుగున దాచింది. సాయంత్రం తియామికె వస్తే, బొబ్బర్ల కుండలో పడిపోయింది, బాగుకిచ్చానని చెప్పింది. ఆ పిల్ల తన ఫోను ఉడికిపోయిందని నవ్వింది. ఆ రాత్రి లోగిట్లో అందరం టీవీలో నాటకం చూశాం. తియామికె మాతోపాటు వేరుశనగలు వొలుచుకుంటూ కూర్చుని, త్వరగా వెళ్ళి పడుకుంది.

గురువారం డుఫియె మేకమాంసం పులుసుతో ఫుఫూ పెట్టింది. తిన్నాక నన్నూ, పక్కింటి అజిమాన్ పెద్దాయన్నీ పిలిచింది. చెడ్డ కబురు పెద్దవాళ్ళ ముందు చెప్పాలి కదా. నాకూ అప్పుడే తెలిసింది. తియామికెకి మంచినీళ్ళు ఇచ్చి, చెయ్యి పట్టుకుని చెప్పింది. వెంటనే, బెంగపడకు తల్లీ, బోలెడు టైముంది, ఏ శనివారం పెట్టుకుంటున్నారో కనుక్కో అని కూడా అంది.

"ఎప్పుడు పోయాడు?" అని అడిగింది తియామికె.

"సోమవారం పొద్దున్నే."

"అయితే మంగళవారం పూడ్చేసి ఉంటారు."

డుఫియె నమ్మలేదు. మేనమామని తెల్లారేసరికి మట్టిచేసే వాళ్ళు ఎక్కడైనా ఉంటారా అంది. మీవాళ్ళు ముస్లిములా అని అడిగింది. కాదంది తియామికె. మా ఊళ్ళో అందరినీ అంతే ఆంటీ, అని మెల్లగా చెప్పింది, తప్పు తనదే అయినట్టు. డుఫియె మొహంలో నెత్తురుచుక్క లేదు. అజిమాన్ పెద్దాయన తల వంచుకుని చేతికర్ర వైపు చూస్తూ ఉండిపోయాడు.

తియామికె ఏడవలేదు. గిన్నెలు కడిగి పెట్టి, డుఫియె బట్టల అడుగు నుంచి తీసిచ్చిన ఫోను పట్టుకుని గదిలోకి వెళ్ళింది. ఎవరికీ ఫోను చెయ్యలేదు. మర్నాడు కూడా చెయ్యలేదు. నేను వెళ్ళి మంచం మీద కూర్చుంటే అప్పుడు చెప్పింది. "సోమవారమే చెప్పినా నేను వెళ్ళగలిగేదాన్ని కాదక్కా, అంత దూరం ఒక్కరోజులో ఎవరు వెళ్తారు," అంది. "కానీ మా దగ్గర ఆ రాత్రి ఆడవాళ్ళందరూ శవం చుట్టూ కూర్చుని తెల్లవార్లూ పాడతారు. దూరంగా ఉన్నవాళ్ళు ఎక్కడున్నా నిద్రపోరు. నేను వేరుశనగలు తిన్నాను. నాటకం చూసి నవ్వాను. హాయిగా పడుకున్నాను."

"ఫోను చేసి నీకు తెలీలేదని చెప్పు. అందులో నీ తప్పేముంది?" అన్నాను.

"ఎందుకు తెలీలేదని అడుగుతారు. ఎవరు దాచారని అడుగుతారు. అన్నం పెట్టిన మనిషి మీద ఎలా చెప్పనక్కా? చెప్పకపోతే, చదువు తలకెక్కి మామ చావుకి ఒక్క మాటైనా మాట్లాడలేదంటారు. ఇప్పటికే అనుకుని ఉంటారు. ఇక నేను ఆ ఇంటి గడప ఏ మొహం పెట్టుకుని తొక్కను?"

ఆరిన నల్లగౌను మడతపెట్టి, లేచి వచ్చేశాను.

డుఫియె మాత్రం ఊరుకుంటే కదా. శుక్రవారమంతా ఫోన్ల మీదే ఉంది. శనివారం మన లోగిట్లోనే ఆ పిల్ల మామకి చేద్దామంది. తియామికె వద్దంది. "నాకు ఓపిక లేదాంటీ. ఇంకో చావు నా వల్ల కాదు," అని గోడవైపు తిరిగి పడుకుంది. చేసిన నిర్వాకం చాలదా అని నేను కూడా డుఫియెని దులిపేశాను. ఆవిడ ఎన్నడూ లేనిది నాకు ఎదురు చెప్పలేదు. "ఏదో ఒకటి చెయ్యకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది సెర్వా," అంది.

శనివారం పొద్దెక్కేసరికి వాకిట్లో ట్రోట్రోలు ఆగాయి. మాంపాంగు నుంచి డుఫియె తోటికోడలు వచ్చింది, వెంట పిల్లాజెల్లా అందరూ. బెక్వాయి వాళ్ళొచ్చారు. సాల్ట్‌పాండు ముసలావిడ కూతురు చీకటితోనే బయల్దేరి, ఎండుచేపల బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది. అందరూ నల్లబట్టల్లో ఉన్నారు. అందులో సగం నేను కుట్టినవే. మైకు లేదు, పోస్టరు లేదు, ఫోటో కూడా లేదు. నిశ్శబ్దంగా కుర్చీల్లో కూర్చున్నారు. బయట చప్పుడు విని తియామికె తలుపు తీసింది. అంతమందిని చూసి అక్కడే నిలబడిపోయింది. నేను వెళ్ళి గౌను తొడిగాను. చెయ్యి పట్టుకుని తెచ్చి, ముందు కుర్చీలో కూర్చోబెట్టాను. అందరూ కుడివైపు నుంచి మొదలుపెట్టి చెయ్యి కలుపుతూ వెళ్ళారు. ఆ పిల్ల ఒంట్లో జీవం లేనిదానిలా చెయ్యి అందిస్తూ పోయింది.

ఆ తర్వాత మా పద్ధతి ప్రకారం వచ్చినవాళ్ళ తరఫున అజిమాన్ పెద్దాయన లేచాడు.

"అమ్మా, మేం ఊరికే రాలేదు. మీ ఇంట్లో పెద్దదిక్కు పోయాడని విని వచ్చాం. ఆయన ఎలా పోయాడో మాకు చెప్పు."

ఇంటివాళ్ళు చెప్పాలి. చెప్పేదాకా వచ్చినవాళ్ళు కదలరు. ఆయన ఎలా పోయాడో ఆ పిల్లకి తెలీదు. పోయాడని మాత్రమే తెలుసు.

తర్వాత తియామికె లేచి గదిలోకి వెళ్ళి ఫోను తెచ్చింది. కుర్చీలో కూర్చుని, అందరికీ వినబడేలా పెట్టి, అత్తకి ఫోను చేసింది. వాళ్ళ మాటలు మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆ పిల్ల తర్వాత నాకు చెప్పినదే మీకు చెబుతున్నాను.

అత్త గొంతు ముభావంగా ఉంది. "ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా?" అంది.

"పరీక్షలత్తా. ఫోను పాడైంది," అంది తియామికె. డుఫియె వైపు చూడలేదు. "మామ ఎలా పోయాడత్తా?"

అత్త చెప్పడం మొదలుపెట్టింది. తియామికె ఒక్కో మాటా వినడం, అజిమాన్ పెద్దాయన వైపు తిరిగి, శనివారాల్లో నేర్చుకున్న మా భాషలో చెప్పడం. మొక్కజొన్న పిండి పట్టించుకుని సైకిలు మీద వచ్చాడు. మూట దించాడు. దాహమేస్తోందన్నాడు. నీళ్ళు తాగి గోడకి చేరగిలబడ్డాడు. కప్పు తీసుకుందామని అత్త వంగేసరికి పోయి ఉన్నాడు. పెద్దాయన ప్రతి మాటకీ తల ఊపుతున్నాడు. వెనక కుర్చీల్లో ఆడవాళ్ళు మెల్లగా పాట ఎత్తుకున్నారు.

అత్త మాట ఆపింది. "ఏమిటా చప్పుడు? ఎక్కడున్నావు నువ్వు?"

"ఇంటి దగ్గరేనత్తా. జనం వచ్చారు. మామ కోసం."

"ఏ జనం? వాళ్ళకి మీ మామ ఎవరో తెలుసా?"

"తెలీదు."

ఫోను ఆగిపోయిందేమోనని తియామికె చెవి దగ్గర పెట్టుకుంది. అప్పుడు అత్త గొంతు మారింది, చిన్నప్పుడు పనికి పురమాయించే గొంతు.

"మరి ఫోను పట్టుకుని కూర్చున్నావేమే? మీ మామ గుమ్మానికి వచ్చినవాళ్ళు. వాళ్ళకి అన్నం పెట్టావా?"

తియామికె ఫోను ఒళ్ళో పెట్టుకుంది. అత్త ఏమందని డుఫియె అడిగింది. చెప్పబోయి, చెప్పలేక, అందరి ముందూ బావురుమంది. గురువారం నుంచీ రాని ఏడుపంతా అప్పుడొచ్చింది.

మా పద్ధతిలో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు లేవకూడదు. ఆ పిల్ల లేచింది. ఏడుస్తూనే కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, కూర కుండల దగ్గర నిలబడ్డ డుఫియె చేతిలోని గరిటె తీసుకుని, మొదటి పళ్ళెం వడ్డించింది. ఆపడానికి ఎవరికీ చేతులు రాలేదు.