పడాక్ బోర్డుకు వార్నిష్

డైరీలో తప్ప ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్ గోల్ ఘర్ పేటలోని ఆ కొట్టులో నేను చేరింది ఎలక్ట్రానిక్స్ మీద ఇష్టంతో కాదు. ఇంటర్వ్యూకి వెళ్లిన రోజు కొట్టు వెనక ఒక గది కనిపించింది. ఒక కిటికీ, బల్ల, కుర్చీ. అక్కడ కూర్చుంటే కొనడానికి వచ్చేవాళ్లతో మాట్లాడక్కర్లేదని అర్థమైంది. జీతం సంగతి కూడా అడగకుండా ఒప్పేసుకున్నాను.

రిటైరయ్యానని చెప్పుకునే వయసు నాది కాదు. కాకపోతే ఆ వృత్తిని పూర్తిగా వదిలి ఇప్పుడు లైబ్రరీలో పని చేస్తున్నాను కాబట్టి, దాన్ని దూరం నుంచి చూసి రాయగలననుకుంటున్నాను. నేను రాయబోయేది చేరిన రెండో ఏడాది, వానలు మొదలైన కొత్తలో జరిగింది.

కొట్టు యజమాని ప్రభావతి. ఊరంతా ప్రభా దీదీ అనేది. ఆమె అమ్మేది మైక్రోకంట్రోలర్ బోర్డులు. మైక్రోకంట్రోలర్ అంటే గోరంత కంప్యూటర్. దాన్ని అరచేతిలో పట్టే పలక మీద అతికించి, చుట్టూ వైర్లు గుచ్చుకోవడానికి పిన్నులు పెడితే అది బోర్డు. ఏం చేయాలో మనం రాసి అందులోకి ఎక్కిస్తే అదే చేస్తుంది. మా దగ్గర ఎక్కువమంది దాంతో చేయించుకునే పని నీళ్ల గంట. ఎండాకాలంలో పోర్ట్ బ్లెయిర్‌లో కుళాయి నీళ్లు రోజూ రావు. వచ్చిన రోజు ఎప్పుడొస్తాయో తెలియదు. పైపులో తడి తగలగానే బోర్డు కూత పెడుతుంది, ఇంట్లోవాళ్లు బిందెలతో పరుగెత్తుతారు.

బయటి నుంచి తెప్పించే బోర్డులతో పాటు దీదీ స్వయంగా గీసిన బోర్డు ఒకటి ఉండేది. ఎర్రగా ఉంటుందని దానికి మా దీవుల ఎర్ర కలప పేరే పెట్టింది, పడాక్ అని. దాని డ్రాయింగును ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి ఉంచింది. ఎవరైనా తీసుకోవచ్చు, చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఒకటే షరతు, బోర్డు మీద మొదట గీసినవాళ్ల పేరు ఉండాలి. ఈ పద్ధతినే ఓపెన్ సోర్స్ అంటారు.

పక్క మొబైల్ కొట్టు అప్పలరాజు భయ్యాకు ఇది ఎంతకీ మింగుడు పడేది కాదు. "ఏటి దీదీ, కొట్టు తాళం కూడా ఇంటర్నెట్‌లో ఎట్టేయరాదా? ఫ్రీ మే!" అనేవాడు.

"తాళం నీ చేతికే ఇస్తాను భయ్యా. ముందు నువ్వు పట్టికెళ్లిన సోల్డరింగ్ గన్ను వాపస్ తే," అనేది దీదీ, తలెత్తకుండానే.

నా పని బోర్డులు ప్యాక్ చేయడం, వాటిని ఎలా వాడాలో కాగితాలు రాయడం. ప్యాకింగుకు ముందు ప్రతి బోర్డు దీదీ చేతిలోంచి వెళ్లేది. దాన్ని స్పిరిట్‌తో కడిగేది, బల్బు పెట్టిన చెక్కపెట్టెలో ఆరబెట్టేది, వార్నిష్ పూసేది. అప్పలరాజుతో మాట్లాడుతూనే, ఫోను చెవికి నొక్కుకునే చేసేది. ఆ అలవాటు వాళ్ల నాన్నది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి జంగ్లీఘాట్‌లో రేడియోలు బాగుచేసిన మనిషి ఆయన. సునామీ రోజు కొట్టులోకి సముద్రం వచ్చింది. నీళ్లు తీశాక జనం తడిసిన రేడియోలు, టీవీలు మోసుకొచ్చారు. అన్నిటినీ ఎండలో పెట్టి స్విచ్చి వేసినవాళ్ల సెట్లు కాలిపోయాయి. ఆయన మాత్రం ఒక్కొక్కటీ విప్పి మంచినీళ్లతో కడిగి, ఉప్పు పూర్తిగా పోయాక ఆరబెట్టి, తీగల మీద వార్నిష్ వేసేవాడు. అప్పుడు స్కూల్లో చదువుతున్న దీదీ ఆయన పక్కన కూర్చుని కుంచె అందించేది. పెద్దయ్యాక పాలిటెక్నిక్ డిప్లొమా చేసినా, ఈ పని మాత్రం ఆమెకు చదువులోంచి రాలేదు.

ఆ వానాకాలంలో రంగత్ నుంచి ఒక స్కూలు ప్రిన్సిపాల్ మేడమ్ ఫోన్ చేసింది. మీ పడాక్ బోర్డులు వానలు పడగానే చచ్చిపోయాయి, శుక్రవారం విద్యాశాఖ వాళ్లు మా సైన్స్ క్లబ్ చూడటానికి వస్తున్నారు, వాళ్లు చూసి మిడిల్ అండమాన్ స్కూళ్లన్నిటికీ ఇదే బోర్డు పెట్టాలా వద్దా తేలుస్తారు, అంది. బోర్డు పేరు పోతే ఆ స్కూళ్ల ముఖం మేము మళ్లీ చూడలేం. అసలు విషయమేమిటంటే, రంగత్‌కు మేము ఒక్క బోర్డు కూడా అమ్మలేదు.

"నువ్వూ రా సునీతా," అంది దీదీ. గరాచర్మలోని మా ఇంటికి వచ్చి అమ్మతో కూడా తనే చెప్పింది. మర్నాడు తెల్లవారకముందే బస్సెక్కి, అడవి దారిలోకి బళ్లను గుంపుగానే వదిలే కాన్వాయ్ గేటు దగ్గర మిగతా బళ్ల వెనక నిలబడి, పడవ మీద బస్సుతో సహా సముద్రపు పాయ దాటి, మధ్యాహ్నానికి రంగత్ చేరాం.

స్కూలు ల్యాబ్‌లో బోర్డులు బల్ల మీద వరసగా పెట్టి ఉన్నాయి. మావి కావు. రాగిరేకు పలకల మీద చేత్తో గీసి, అక్కర్లేని రాగిని కరిగించే మందునీళ్లలో ముంచి చేసినవి. అయినా ప్రతిదాని మూలనా చక్కటి అక్షరాలతో దీదీ పేరు, గోల్ ఘర్ అనీ ఉన్నాయి. చేసింది సైన్స్ చెప్పే యోహాను మాస్టారు. ఆయనా తెలుగువాడే. క్లబ్ పిల్లలతో కలిసి సెలవుల్లో చేశాడు. షరతు ఉంది కదా అని పేరు మాత్రం ఎక్కడా వదల్లేదు.

ప్రిన్సిపాల్ మేడమ్ హిందీలో సూటిగా చెప్పింది. ఇవి నకిలీవని మీరు ఒక్క మాట అంటే చాలు, మీ పేరు బాగుంటుంది, క్లబ్ సంగతి నేను చూసుకుంటాను, అంది. చూసుకోవడమంటే మూసేయడమని మాస్టారి ముఖం చూస్తే తెలిసింది. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

దీదీ భూతద్దంతో ఒక బోర్డును చాలాసేపు చూసింది. పిన్నుల మధ్య ఆకుపచ్చగా ఏదో పేరుకుని ఉంది. ఉప్పుగాలి, వాన తేమ కలిసి రాగిని తినేస్తే వచ్చే రంగు అది. అతుకులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి, గీత ఎక్కడా తప్పలేదు.

"వార్నిష్ ఎందుకు వెయ్యలేదు మాస్టారూ?"

"వార్నిషా? డ్రాయింగులో అలాటిదేటీ లేదు కదమ్మా. ఉన్నదున్నట్టే చేశాం."

దీదీ తన ఫోన్లో డ్రాయింగు తెరిచి కిందికీ పైకీ జరిపింది. లేదు. ఉప్పుగాలిలో పుట్టి పెరిగిన మనిషి, వార్నిష్ సంగతి డ్రాయింగులో చెప్పాలని ఆమెకు ఎప్పుడూ తోచలేదు. అన్నం వండే పద్ధతి రాసేవాళ్లు బియ్యం కడగమని వేరే రాస్తారా?

ఆమె మేడమ్ వైపు తిరిగింది. "మేడమ్‌జీ, బోర్డు మేరా హీ హై. మాస్టర్‌జీ నే సహీ బనాయా. మైనే ఆధా హీ దియా థా." బోర్డు నాదే, ఆయన సరిగ్గానే చేశాడు, నేనే సగం ఇచ్చాను అని. మేడమ్ గడియారం చూసుకుని, శుక్రవారం మాత్రం మారదంది.

బజారులో మోటారు వైండింగ్ కొట్టుంటే మాస్టారు అక్కడి నుంచి గాలికి ఆరే వార్నిష్ డబ్బా తెచ్చాడు. పిల్లలు ఇళ్ల నుంచి పాత టూత్‌బ్రష్‌లు తెచ్చారు. దీదీ పని మొదలుపెట్టి నాతో అంది: "చూసి రాసేయ్. ఈసారి డ్రాయింగులో ఉండాల."

రాయడం నాకు వచ్చనుకున్నాను. దీదీ చేతులు మాత్రం నా కలం కన్నా ముందు పోతున్నాయి. బ్రష్‌తో కడిగింది, ఊది ఆరబెట్టింది, ఏదో అంటించింది, వార్నిష్ పూసింది. కాగితం మీద రెండు ముక్కలే ఉన్నాయి. మాస్టారు, పిల్లలు, గుమ్మంలో మేడమ్. అంతమందిలో నేను నోరెత్తి ఎరగను.

"దీదీ, ఆగండి," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "టేపు ఎందుకు అంటించారు?"

"టేపా? ఎక్కడ అంటించాను?" అని చూసుకుని నవ్వింది. "ఓ, ఇదా. పిన్నుల మీద వార్నిష్ పడితే వైరు గుచ్చినా కరెంటు పోదు కదే!"

"మరి ఆరబెట్టింది ముందా, టేపు ముందా?"

"ముందు ఆరాల. తడి మీద పూసేస్తే ఉప్పుని లోపలెట్టి మూత పెట్టినట్టే."

"ఆరిందని ఎలా తెలుస్తుంది?"

ఆమె బోర్డును తీసి చెంపకు ఆనించుకుంది. "చల్లగా తగిల్తే ఇంకా తడుందని. ఇది కూడా రాయాలా?"

"రాయాలమ్మా," అన్నాడు యోహాను మాస్టారు. "లేపోతే మాకెలా తెలుస్తాది?"

సాయంత్రం దాకా నేను అడుగుతూనే ఉన్నాను. అడిగిన ప్రతిసారీ ఆమె చేతులు ఆగేవి, తనేం చేసిందో తనే వెతుక్కునేది. ఆ తర్వాత పిల్లలు బ్రష్‌లు పట్టారు. నేను రాసింది చదువుతుంటే, దాన్ని బట్టే చేశారు. దీదీ వెనక నిలబడి ఎక్కడా కల్పించుకోలేదు. కాగితం సరిపోతుందో లేదో చూడటానికి అదే దారి.

రాగిని ఉప్పు పూర్తిగా తినేసిన కొన్ని బోర్డులు లేవలేదు. మిగతావి లేచాయి. శుక్రవారం వచ్చినవాళ్ల ముందు ఒక అమ్మాయి పైపులో చెంబుతో నీళ్లు పోసింది, నీళ్ల గంట మోగింది. వాళ్లు అడిగింది ఒక్కటే, వానల్లో నిలుస్తుందా అని. మాస్టారు వార్నిష్ కాగితం చూపించి, ఇది మా స్కూల్లోనే రాశారని చెప్పాడు. క్లబ్ నిలిచింది. స్కూళ్లకు పడాక్ పెట్టారు. వాటిలో సగం స్కూళ్లు బోర్డులను తామే చేసుకున్నాయి, సగం మా దగ్గర కొన్నాయి. వార్నిష్ రహస్యం కూడా ఇచ్చేశావా అని అప్పలరాజు భయ్యా తల పట్టుకున్నాడు.

ఆ పనిలో నేను నేర్చుకున్నది ఇది. చేతికి బాగా అలవాటైన మెట్టు చేసేవాళ్లకే కనబడదు, అందుకే కాగితం మీదికి రాదు. పని తెలియనివాళ్లు పక్కన కూర్చుని అడిగితేనే అది బయటికొస్తుంది. తెరిచి ఇవ్వడమంటే డ్రాయింగు ఇచ్చేయడంతో అయిపోదు. రంగత్ నుంచి వచ్చాక నేను వెనక గదిలో ప్యాకింగు మాత్రమే చేశాను. రాసే పని దీదీ బల్ల దగ్గరే చేసేదాన్ని.

లైబ్రరీ ఉద్యోగం వచ్చి మానేసిన రోజు, గది తాళం దీదీ చేతిలో పెట్టాను. ఆమె ఒక బోర్డును చెంపకు ఆనించుకుని చూస్తోంది. తలెత్తకుండానే అంది:

"రేపు కొత్త పిల్ల వస్తాది. నీకన్నా సిగ్గంట. నీకిచ్చినట్టు దానికి వెనక గది ఇయ్యను. నా పక్కనే కుర్చీ వేస్తాను, అడగనీ."