పగడాల దిబ్బ, నా ఎడమ చెవి

ఆ రోజు బావిలో, పైకి వచ్చే దిక్కు ఏదో నాకు తెలియలేదు.

చిన్నప్పటి నుంచి బావుల్లో మునుగుతున్న మనిషిని. కళ్ళు మూసుకున్నా పైకి రాగలనన్న ధీమా ఉండేది. దసరా సెలవులు అయిపోయిన వారం, మహబూబ్‌నగర్ బయట ఒక రైతు మోటబావిలో మూడు నిలువుల లోతుకు దిగాను. అడుగు రాయి చేతికి తగిలిందో లేదో, ఎడమ చెవిలో టప్పుమని ఏదో తెగింది. చల్లటి నీళ్ళు తలలోకే దూరినట్టయింది. వెంటనే బావి గిర్రున తిరిగింది. పైకి ఈదుతున్నాననుకుని రెండుసార్లు రాతికట్టుకే తల కొట్టుకున్నాను. చివరికి నా నోట్లోంచి వదిలిన బుడగలు ఏ వైపు పోతున్నాయో చూసి, వాటి వెంట పడి పైకి వచ్చాను.

మెట్ల మీద కూర్చుని వాంతి చేసుకున్నాను. చెవిలోంచి నెత్తుటి నీరు కారుతోంది. రైతు పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది సారూ, మొఖమంత తెల్లగైంది?"

"ఏం లేదు, కాలు జారింది," అన్నాను. ఆ తర్వాత చెప్పిన అబద్ధాలన్నిటికీ అదే బోణీ.

నా సంగతి కొంచెం చెప్పాలి. మాది నారాయణపేట. ఇంట్లో మగ్గం ఉంది, నాకు మాత్రం చదువు అబ్బింది. అప్పటికి నేను మహబూబ్‌నగర్‌లో హైస్కూలు సైన్సు టీచరుని. కిరాయి గదిలో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. మునగడం నేర్పింది మా పెద్దబాపు, నాన్నకు అన్న. మా వైపు ఎవరి బిందె బావిలో పడ్డా ఆయనకు కబురు వచ్చేది. దిగే ముందు రెండు చెవుల్లో తేనెమైనం కూరుకునేవాడు, నాకూ కూరేవాడు. "నీళ్లు చెవుల పోతె చెవుడొస్తది బిడ్డా" అనేవాడు. ముక్కు మూసుకుని లోపలికి గాలి ఊదితే చెవులు తెరుచుకుంటాయని చెప్పిందీ ఆయనే. ఆయన దిగిన బావుల్లో నీళ్ళు రెండు నిలువులు దాటేవి కావు. ఆ లెక్క నాకు తట్టలేదు, మూడు నిలువులకూ అలాగే మైనం పెట్టుకుని, ఊదుతూ దిగాను.

సముద్రం నా తలకెక్కింది ఒక పత్రికలో బొమ్మ చూసి. నీళ్ళ అడుగున పగడాల దిబ్బ, దాని పక్కన వీపుకు గాలి సిలిండరు కట్టుకున్న మనిషి. మా జిల్లాలో ఎండాకాలం తాగే నీళ్ళకే మైళ్ళు నడుస్తారు. ఆ బొమ్మ చూసినప్పటి నుంచి నాకు వేరే ధ్యాస లేదు. రామేశ్వరం దారిలో, మండపం దగ్గర సముద్ర జీవుల మీద పరిశోధన చేసే ఒకాయనకు ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. ఆయన పేరు సెల్వం. మూడు వారాలకు జవాబు వచ్చింది: "మా దగ్గర రెండు సిలిండర్లున్నాయి. ఫిబ్రవరి నెలాఖరుకు నీళ్ళు తేటగా ఉంటాయి, రండి. ఛాతీ, చెవులు బాగున్నాయని డాక్టరు సర్టిఫికెట్ తెచ్చుకోండి."

ఆ ఉత్తరాన్ని స్టాఫ్‌రూమ్‌లో చూపించడం నా పొరపాటు. "పాలమూరోడు సముద్రం అడుగుకు పోతడట! ఇంట్ల కుండల నీళ్లున్నయా చూస్కో సారూ ముందు," అని లెక్కల మాస్టారు అంటే గది గదంతా నవ్వింది. ఆయన మంచివాడే, వేళాకోళానికి అన్నాడు. కానీ ఆ తర్వాత నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. స్కూలు అట్లాసు ముందేసుకుని ఒంటరిగా దారి గీసుకున్నాను. ద్రోణాచలం, గుంతకల్లు, మద్రాసు, మండపం. పగడం కాళ్ళను కోస్తుందట, అందుకని కాన్వాసు బూట్లు కొన్నాను. రోజూ తెల్లవారగానే మోటబావిలో సాధన చేశాను. ఆ సాధనలోనే చెవి తెగింది.

తెగిన వారానికి చీము మొదలైంది. ఇంటి ఓనరు బాలమ్మ అవ్వ వాసన పసిగట్టింది. "చెవి కారుతాంది గదా బిడ్డా. ఎల్లిపాయ నూనె పొయ్యనా?" అంది. పోయించుకున్నాను. రెండు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్ళీ కారేది. మళ్ళీ పోసేవాళ్ళం. బడికి వెళ్ళేటప్పుడు దూది పెట్టుకుని, పైనుంచి మఫ్లరు చుట్టుకునేవాణ్ణి. చలికాలం కాబట్టి ఎవరూ అడగలేదు.

ఎడమ పక్క నుంచి పిలిస్తే వినపడేది కాదు. ఆ పక్క బెంచీల పిల్లలు చేతులెత్తి, ఎత్తి దించేసేవారు. స్టాఫ్‌రూమ్‌లో నవ్వు వినిపించేది, ఎందుకు నవ్వారో వినిపించేది కాదు. నన్ను చూసే నవ్వుతున్నారనిపించేది. మెల్లగా మూల కుర్చీకి మారాను. "సైన్సు సారుకు గర్వమొచ్చింది, పిలిస్తె పలుకడు," అన్నారట. పోనీ, చెవిటివాడనేకంటే అదే నయమనుకున్నాను. నాకు తెలిసిన ఒంటరితనం అదే. అందరి మధ్యా కూర్చుని, తల ఊపుతూ, ఒక్క ముక్కా అందకపోవడం.

సర్టిఫికెట్ కోసం చెవి కారని రోజు చూసుకుని ఊళ్ళో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఛాతీ చూశాడు, నాడి చూశాడు. "చెవులల్ల ఏమన్న తక్లీఫ్ ఉన్నదా?" అని అడిగాడు. కుడి చెవి ఆయన వైపు తిప్పి, "ఏం లేదండి," అన్నాను. సంతకం పెట్టి ఇచ్చాడు.

టికెట్ తీసుకున్నాను, సెలవు మంజూరయింది. ప్రయాణం నాలుగు రోజులుందనగా చలిజ్వరం వచ్చింది. చెవి వెనక ఎముక మీద వాపు లేచి, చెవి ముందుకు వంగిపోయింది. దువ్వెన తగిలినా ప్రాణం పోయేంత నొప్పి. బాలమ్మ అవ్వ చూసి నెత్తి కొట్టుకుంది.

"గిది నా నూనెతోని పొయ్యేటిది కాదు బిడ్డా. పట్నం దవాఖానకు పో. ఇయ్యాల్నే పో."

ద్రోణాచలం వైపు పోవలసినవాణ్ణి, అదే ప్లాట్‌ఫారం మీద నిలబడి కాచిగూడ బండి ఎక్కాను. కాన్వాసు బూట్లు సంచిలోనే ఉన్నాయి, తీయడానికి మనసొప్పలేదు.

హైదరాబాద్ దవాఖానలో పెద్ద డాక్టరు నుదుటి అద్దంతో వెలుతురు చెవిలోకి వేసి చాలాసేపు చూశాడు. ట్యూనింగ్ ఫోర్క్ మోగించి నడినెత్తిన పెట్టి, "ఏ దిక్కు వినపడ్తాంది?" అన్నాడు. చిత్రంగా, చెడిన చెవిలోనే ఎక్కువ వినిపించింది. నాకు ఆశ పుట్టింది, అది చెవి చెడిందనడానికే గుర్తని అప్పటికి తెలియదు. ఆయన మాత్రం తల అడ్డంగా ఊపి, "సచ్ బోలో. ఏమేం పోసినవ్ ఇండ్ల?" అన్నాడు.

నూనె, మైనం, బావి అన్నీ చెప్పాను. నాలుగు నెలల్లో నేను నిజం చెప్పిన మొదటి మనిషి ఆయనే. చెప్పాక ఏడుపు వచ్చింది.

"చూడు మాస్టర్, బయట మైనంతోని మూసినవ్, లోపల ముక్కు నుంచి గాలి ఊదినవ్. పాపం, ఇయర్ డ్రమ్ ఎటు పోవాలె? చినిగింది. పర్ఫొరేషన్ అంటం. గంతటితోని ఊకుంటే మానేది. నువ్వు నూనె పోసి పెంచి పోషించినవ్. ఇప్పుడు క్రానిక్ ఓటైటిస్ మీడియా, లోపలంత మొండి చీము, చెవెనక ఎముక మాస్టాయిడ్ దాక పోయింది. ఇంక నాలుగు రోజులాగితే మెదడుకు పోతుండె."

ఎక్స్‌రే, పెన్సిలిన్ ఇంజెక్షన్లు, మూడో రోజున మాస్టాయిడ్ ఆపరేషన్. చెవి వెనక ఎముక తొలిచి చీము తీశారు. ఫారంలో 'తోడు వచ్చినవారు' అన్న చోట గీత గీశాను. ఊళ్ళో నాన్నకు, మా బాపుకు, ట్రైనింగ్ మీద వచ్చానని కార్డు రాశాను. సెల్వం గారికి స్కూలు పనుల వల్ల రాలేకపోయానని రాశాను. వార్డులో విజిటర్ల గంట కొట్టినప్పుడల్లా గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ణి. ఎవరో వస్తారని కాదు, రారని పక్కవాళ్ళకు తెలియకుండా.

చెవి ఆరడానికి ఏడాది పట్టింది. ఆరాక డాక్టరు గ్రాఫ్ట్ వేస్తానన్నాడు. చెవి పైన కండరం మీది పలుచని పొర తీసి, డ్రమ్‌కు పడిన చిల్లి మీద అతికించడం. "ఒక్కటే షరతు. నెల దాక ముక్కు చీదొద్దు, ఊదొద్దు. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మాలె," అన్నాడు.

సరేనన్నాను. ఆపరేషన్ బాగా జరిగింది. తొమ్మిదో రోజు, కట్టు కింద చెవి దిబ్బడ వేసినట్టుంది. పడుకుని ఉన్నాను. నా చెయ్యి దానంతటదే ముక్కు మీదికి పోయింది. చెవి దిబ్బడేస్తే బావిలో చేసేది అదే కదా, మూసి ఊదాను. చెవిలోంచి సన్నగా గాలి బయటికి వచ్చింది. ఏం చేశానో అప్పుడు తెలిసింది.

డాక్టరు కోప్పడతాడనుకున్నాను, ఆయన నవ్వాడు. ఆ నవ్వుకే ఎక్కువ సిగ్గేసింది. "మళ్ళ వేద్దాం. కానీ ఈసారి తోడు లేనిది నేను కత్తి పట్టను. నీ ముక్కుకు కావలి మనిషి కావాలె."

అప్పుడు రాశాను బాపుకు, మొదటి నుంచి చివరి దాకా. మగ్గం మీద చీర సగంలో వదిలేసి మూడో రోజుకు దిగాడు. చేతిలో సద్దరొట్టెల మూట. నన్ను ఎగాదిగా చూసి, "ముక్కు కాయనీకి పిలిచినవా నన్ను? మంచిగున్నది, ముసలితనంల నౌకరి దొరికింది," అన్నాడు. అంటూనే రొట్టెల మూట విప్పి నా ముందు పెట్టాడు.

ఆపరేషన్ అయ్యాక మూడు రోజులు కుడి పక్కకే పడుకోవాలి, కోసిన చెవి పైకి ఉండాలి. అంటే వినిపించే చెవి దిండులో, ఎడమ చెవి కట్టులో. బాపు స్టూలు వేసుకుని నా ఎదురుగా కూర్చున్నాడు. మా ఇంట్లో ఆయన మాట్లాడేది తక్కువ, మగ్గం చప్పుడులో మాటలు పనికిరావు. ఆ మూడు రోజులు మాత్రం ఆపకుండా మాట్లాడాడు. పెదాలు కదలడం కనిపించేది. ఒకసారి నవ్వాడు, ఒకసారి కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. నేను అలవాటు కొద్దీ తల ఊపుతూ ఊ కొట్టాను. వినపడటం లేదని చెప్పలేదు. ఇన్ని నెలల తర్వాత నా కోసం వచ్చిన మనిషిని మాట మధ్యలో ఆపాలనిపించలేదు. ఇంటికి పోయాక అడగొచ్చులే అనుకున్నాను.

గ్రాఫ్ట్ నిలిచింది. "ముప్పాతిక వినికిడి వచ్చింది, ఖుష్ అవ్వు. డైవింగ్ బంద్. నిలువెత్తు నీళ్లల్ల కూడ మునుగొద్దు," అన్నాడు డాక్టరు. ఖుషీ అయ్యాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను కూడా.

అడుగుదామని వాయిదా వేస్తుండగానే, ఆ చలికాలంలో బాపు పోయాడు. రెండు రోజుల జ్వరం. నేను వెళ్ళేసరికి మగ్గం మీద ఇంకో చీర సగంలో ఉంది.

 తర్వాత ఒక ఆదివారం కూర్చుని సెల్వం గారికి నిజమంతా రాశాను. క్షమించమని, ఇక పగడాలు చూసే రాత లేదని. ఆయన జవాబు ఇదిగో, నా ముందే ఉంది. "ఈ మాట మొదటే ఎందుకు చెప్పలేదండీ? పోటు తీసినప్పుడు ఇక్కడి దిబ్బ మీద నీళ్ళు మోకాలి లోతే ఉంటాయి. మా జాలరి ఆడవాళ్ళు చీరలు ఎగ్గట్టుకుని నాచు ఏరుకుంటారు. మీకు సిలిండరు అక్కర్లేదు, మంచి బూట్లుంటే చాలు."

ఆ ఉత్తరం చదివి ఎంతసేపు నవ్వానో, ఎప్పుడు ఏడవడం మొదలుపెట్టానో నాకే తెలియదు.

పోయిన ఫిబ్రవరిలో వెళ్ళాను. ఆ పాత కాన్వాసు బూట్లే వేసుకుని మోకాలి లోతు నీళ్ళలో నిలబడ్డాను. కాళ్ళ కింద గోధుమరంగు, ఊదారంగు పగడాలు, వాటి సందుల్లో నీలం చేప పిల్లలు. సెల్వం గారు ఎడమ పక్కన నడుస్తూ ఏదో చెబుతున్నారు. ఎప్పటిలాగే నా తల ఊగబోయింది. ఆపుకున్నాను. "ఆ చెవి సరిగా వినపడదు సార్, కొంచెం ఇటు రండి," అన్నాను. "ఓ!" అని ఆయన నీళ్ళు చిమ్ముకుంటూ చుట్టూ తిరిగి కుడి పక్కకు వచ్చి, మళ్ళీ మొదటి నుంచి చెప్పారు. అంతే. ఆ ఒక్క మాటకు నేను ఇన్నేళ్ళు భయపడ్డాను.

ఇప్పుడు బడిలో నా కుర్చీ ఎడమ గోడకు ఆనించుకున్నాను, పిల్లలంతా కుడి వైపు ఉంటారు. జలుబు చేస్తే చెవి బరువెక్కుతుంది. తలస్నానానికి వేజలీన్ రాసిన దూది పెట్టుకుంటాను. లెక్కల మాస్టారికి పగడాల సంగతి చెబితే, "నన్నెందుకు తోలుకపోలే సారూ?" అని అలిగాడు.

చెవి కారుతున్నవాళ్ళు ఇది చదువుతుంటే నా మాట ఒక్కటి వినండి. చెవిలో నూనె గానీ, పసరు గానీ, మైనం గానీ ఏదీ వేయకండి. దూది పెట్టి దాచకండి. డాక్టరుకు చూపించండి. వినపడకపోతే వినపడలేదని ఆ క్షణమే చెప్పండి. తల ఊపకండి.

బాపు ఆ మూడు రోజులు ఏం చెప్పాడో నాకు ఇప్పటికీ తెలియదు.